మొదటి పుస్తకం అచ్చయ్యాక... చినువా అచెబె అనుభవం నేర్పే పాఠం



ఈ వార్షికోత్సవ సంచికతో మీలో కొందరి పేర్లు మొదటిసారి అచ్చులో కనబడతాయి. పుస్తకం చేతికి రాగానే ముందు మన పేరున్న పేజీ వెతుక్కుంటాం. తర్వాత ఎవరేమంటారోనని ఎదురుచూస్తాం. ఒకరు భుజం తడతారు. ఒకరు నవ్వుతారు. చాలామంది పేజీ తిప్పేస్తారు. ఆ నాలుగు రోజుల్లో చెవిన పడిన మాటలను బట్టే "నాకు రాయడం వచ్చు" అనో, "నాకెందుకీ రాతలు" అనో తేల్చేసుకునేవారు ఎందరో ఉంటారు. అలా తేల్చుకోవడం సరైనదేనా? నైజీరియా రచయిత చినువా అచెబె మొదటి నవల వెలువడిన తొలి రోజుల్లో ఏం జరిగిందో తెలుసుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

రచయిత పరిచయం

అచెబె 1930 నవంబరు 16న జన్మించారు. తూర్పు నైజీరియాలోని ఒగిడి వారి ఊరు. వారిది ఇగ్బో జాతి. అప్పట్లో నైజీరియా కూడా మన దేశంలాగే బ్రిటిష్ పాలనలో ఉండేది. తండ్రి క్రైస్తవ మిషన్‌లో ఉపాధ్యాయుడు. 1948లో ఇబాదన్‌లో కొత్తగా ప్రారంభమైన యూనివర్సిటీ కాలేజీలో వైద్యవిద్య చదవడానికి ఆయనకు స్కాలర్‌షిప్ వచ్చింది. ఏడాది తర్వాత మనసు సాహిత్యం వైపు మళ్లింది. కోర్సు మారడంతో స్కాలర్‌షిప్ పోయింది. అప్పుడు అన్న అగస్టిన్, సెలవుల్లో ఊరికి రావడానికి ఉంచుకున్న డబ్బును తమ్ముడి చదువుకు ఇచ్చారు. స్కాలర్‌షిప్ మీద చదువుకునే మనకు ఆ డబ్బు విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఆ కాలేజీలో పాఠ్యపుస్తకంగా ఉన్న ఒక ఆంగ్ల నవలలో నైజీరియా మనుషులు తెలివితక్కువవారిగా కనిపించారు. క్లాసులోని విద్యార్థులకు అది నచ్చలేదు. తమ కథను తామే చెప్పుకోవాలన్న ఆలోచన అచెబెలో అక్కడే బలపడింది. చదువు ముగిశాక, 1954లో లాగోస్ నగరంలో రేడియో ఉద్యోగంలో చేరి, తీరిక సమయాల్లో నవల రాశారు.

నవలలో ఏముంది?

ఆ నవల పేరు 'థింగ్స్ ఫాల్ అపార్ట్'. ఒకొంక్వో అనే రైతు కథ. కుస్తీలో పేరు తెచ్చుకున్నవాడు, కష్టపడి పైకొచ్చినవాడు, కోపిష్టి. అతని ఊరిలో వ్యవసాయం, పండుగలు, పెద్దల తీర్పులు ఎలా ఉండేవో, తెల్లవారి మతం, ప్రభుత్వం వచ్చాక ఆ ఊరు ఎలా చీలిపోయిందో ఇందులో చూస్తాం. తన జాతి మీద ప్రేమతో రాసినా అచెబె తప్పులను దాచలేదు. కవల పిల్లలు పుడితే అడవిలో వదిలేసే ఆచారాన్ని చూపారు. 'ఓసు' అనే పేరుతో కొందరిని వెలివేసి, వారితో పెళ్లి సంబంధాలు కూడా కలుపుకోని ఆచారాన్ని చూపారు. ఇది చదివినప్పుడు మన ఊళ్లు గుర్తుకు రాక మానవు.

అచ్చుకు ముందు

1957లో అచెబె తన చేతిరాత ప్రతిని టైపు చేయించడానికి లండన్‌లోని ఒక సంస్థకు పోస్టులో పంపారు. దానికి మరో నకలు లేదు. సంస్థ అడిగిన 22 పౌన్లు కట్టారు. నెలలు గడిచినా జవాబు లేదు. రేడియోలో ఆయన పై అధికారి ఏంజెలా బీటీ సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు స్వయంగా ఆ ఆఫీసుకు పోయి గట్టిగా నిలదీశారు. అప్పుడు గాని టైపు ప్రతి రాలేదు. అది పోయి ఉంటే బహుశా రాయడమే మానుకునేవాడినని అచెబె తర్వాత చెప్పారు.

ఆ తర్వాత కూడా ఆఫ్రికావారి నవలలు ఎవరు కొంటారంటూ కొందరు ప్రచురణకర్తలు తిప్పి పంపారు. చివరికి హైన్‌మన్ సంస్థ ఒప్పుకుంది. 1958 జూన్ 17న లండన్‌లో 2,000 ప్రతులు వెలువడ్డాయి. అప్పుడు అచెబె వయసు 27 సంవత్సరాలు.

తొలి రోజుల్లో వచ్చిన స్పందన

ఒకే పుస్తకానికి మూడు రకాల జవాబులు వచ్చాయి. వీటిని జాగ్రత్తగా గమనించండి.

1. మెప్పు: మూడు రోజులకే లండన్‌లోని 'టైమ్స్ లిటరరీ సప్లిమెంట్' పత్రిక, ఒక జాతి జీవితాన్ని లోపలి నుంచి చూపడంలో రచయిత సఫలమయ్యాడని రాసింది. 'అబ్జర్వర్' పత్రిక కూడా మెచ్చుకుంది.

2. ఎత్తిపొడుపు: అదే లండన్‌లో హానర్ ట్రేసీ అనే రచయిత్రి సమీక్ష రాస్తూ, ఆఫ్రికా సంస్కృతి గురించి ఇంత మాట్లాడేవారు మళ్లీ నారబట్టలు కట్టుకుంటారా అని అడిగారు. లాగోస్‌లో రేడియో ఉద్యోగం వదిలి తాతల కాలానికి వెళ్లడం అచెబెకు ఇష్టమేనా అని కూడా అడిగారు. అంటే, ఆమె పుస్తకాన్ని వదిలి మనిషిని విమర్శించారు.

3. నవ్వు: ఇది సొంత దేశంలో ఎదురైంది. హైన్‌మన్ తరఫున అలాన్ హిల్ ఈ పుస్తకాన్ని పరిచయం చేయడానికి పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లినప్పుడు ఎవరూ నమ్మలేదు. అచెబె చదివిన ఇబాదన్‌లోనే, తమ పాత విద్యార్థి ఒకడు చదవదగిన నవల రాశాడంటే అధ్యాపకులకు నవ్వు వచ్చింది. "హాస్టల్ పిల్లలు రాశారా? ఎవరో రాసిచ్చి ఉంటారు" అనే మాట వింటే మనకు ఎలా ఉంటుందో, అక్కడి నవ్వు కూడా అలాంటిదే.

ఇక్కడ ఒక విషయం ఆలోచించాలి. ఈ మూడింటిలో ఏది విని అచెబె తనను తాను కొలుచుకోవాలి? మెప్పు విని పొంగిపోతే ఎత్తిపొడుపుకు కుంగిపోక తప్పదు. రెండూ దూరదేశపు పత్రికల నుంచి వచ్చినవే. ఎవరి కథ రాశారో ఆ జనానికి ఆ పుస్తకం అప్పటికి చేరనే లేదు. గట్టి అట్టతో లండన్‌లో అచ్చయిన పుస్తకాన్ని కొనగలిగిన నైజీరియా విద్యార్థులు ఎందరుంటారు? అసలు పాఠకులు ఇంకా నోరు విప్పనే లేదన్నమాట.

అచెబె ఏం చేశారు?

రేడియో ఉద్యోగం చేసుకుంటూనే ఆయన రెండో నవల రాశారు. మొదట అనుకున్న కథ చాలా పెద్దది. అందులో నుంచి ఒకొంక్వో కథను మాత్రమే ఉంచి మిగతాది పక్కన పెట్టారు. ఆ పక్కన పెట్టిన తరం వైపు తిరిగి, ఒకొంక్వో మనవడి కథతో 'నో లాంగర్ ఎట్ ఈజ్' అనే నవలను 1960లో తెచ్చారు. అదే సంవత్సరం అక్టోబరు 1న నైజీరియాకు స్వాతంత్ర్యం వచ్చింది. హానర్ ట్రేసీ మాటలను కూడా ఆయన మరచిపోలేదు. 1974లో ఉగాండాలోని మకెరెరె విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో వాటిని ఎత్తి చూపి, వలస పాలకుల అహంకారం విమర్శలోకి ఎలా దూరుతుందో వివరించారు. అప్పటికి ఆయన వెనుక నాలుగు నవలలు ఉన్నాయి.

అసలు పాఠకులు వచ్చారు

1962లో హైన్‌మన్ సంస్థ 'ఆఫ్రికన్ రైటర్స్ సిరీస్' పేరుతో చౌక పుస్తకాలు ప్రారంభించింది. మొదటి పుస్తకం ఇదే. ఆ వరుసకు అచెబె పదేళ్లు సంపాదకుడిగా ఉండి, ఎందరో కొత్త రచయితలను వెలుగులోకి తెచ్చారు. నవల బడి పిల్లల చేతికి వచ్చింది. ఎక్కడో దక్షిణ కొరియాలో ఒక బాలికల కాలేజీ నుంచి తరగతి మొత్తం ఆయనకు ఉత్తరాలు రాసింది. జపాన్ పాలనలో తమ దేశం పడిన బాధ ఆ అమ్మాయిలకు ఈ కథలో కనిపించింది. 1958లో ఏ సమీక్షకుడూ ఊహించని పాఠకులు వీరు! నేటికి ఈ నవల 50కి పైగా భాషల్లోకి వెళ్లింది. రెండు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. తెలుగులో 'చెదిరిన సమాజం' పేరుతో వచ్చింది. 2007లో మాన్ బుకర్ అంతర్జాతీయ బహుమతి అందుకున్న అచెబె 2013 మార్చి 21న కన్నుమూశారు.

మనం నేర్చుకోవలసినవి

• మీ రాత మీద వచ్చే మాట ఎవరిదో, ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. పుస్తకం గురించిన మాట అయితే నేర్చుకోండి. మీ ఊరి గురించో, కులం గురించో, హాస్టల్ గురించో అయితే అది విమర్శ కాదు.
• రాసినదానికి ఎప్పుడూ ఒక నకలు దగ్గర ఉంచుకోండి.
• మొదటి రచన మీద మాటలు వినబడుతుండగానే రెండోది మొదలుపెట్టండి.

ఆలోచించి రాయండి

1. అచెబె తన జాతి తప్పులను కూడా నవలలో ఎందుకు చూపి ఉంటారు?
2. ఇబాదన్ అధ్యాపకులు పుస్తకం చదవకముందే ఎందుకు నవ్వి ఉంటారు?
3. మీ ఊరి గురించి బయటివారు తప్పుగా చెప్పే ఒక విషయం తీసుకోండి. అసలు సంగతి ఏమిటో ఒక పేజీలో రాయండి. వచ్చే సంచికకు అదే మీ రచన.