పక్క తడవకుండా, బిడ్డ లేవకుండా

నెల్లూరు జిల్లాలోని మా అల్లూరులో ఇప్పుడు చిన్న కిరాణా కొట్లో కూడా డైపర్లు దొరుకుతున్నాయి. షాంపూ ప్యాకెట్ల పక్కన వేలాడదీసి, అడిగితే ఒకటీ రెండూ విడిగా కూడా ఇస్తారు. కొనడం అందరికీ అలవాటైపోయింది. అయినా తెల్లవారుజామున మూడింటికి పక్క తడిసి, పిల్లాడు కేరుమని లేచి, వాడితోపాటు ఇంటిల్లిపాదీ లేవడం మాత్రం తప్పడం లేదు. నేను అంగన్‌వాడీలో ఏళ్లతరబడి పిల్లల్ని చూసినదాన్ని, నా పిల్లల్ని పెంచినదాన్ని, ఇప్పుడు మనవడి పక్కన పడుకుంటున్నదాన్ని. వీధిలో అమ్మాయిలు వచ్చి "అవ్వా, ఏ కంపెనీది మంచిదో చెప్పు" అంటారు. నేను కంపెనీ పేరు చెప్పను. లీకు సంగతి చాలావరకు పొద్దుగూకినప్పటి నుంచి పిల్లాడు నిద్రపోయేదాకా మనం చేసే పనుల్లో ఉంటుంది. ఏడాది దాటి మూడేళ్లలోపు పిల్లల గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

1. పొద్దున విప్పిన డైపర్‌ను పారేసే ముందు ఒకసారి చూడండి.

మా కోడలు మొదట్లో తడిసిన డైపరు విప్పడం, ముక్కు మూసుకుని చుట్టచుట్టి పడేయడం. "ఏందిమే అంత తొందర, ఇట్టా తే" అని దాన్ని వెలుతురులో విప్పి చూపించాను. ముందువైపు బొద్దుగా ఉబ్బి ఉంది. వెనకవైపు పొడిపొడిగా, కొత్తదానిలా ఉంది. అంటే అది నిండలేదు, నిండకముందే పక్కనుంచి కారిపోయింది. ఇలాంటప్పుడు ఎంత ఖరీదైనది తెచ్చినా అంతే, తొడిగే తీరు మారాలి. అదే ముందూ వెనకా అంతా ఉబ్బి, చేత్తో పట్టుకుంటే బరువుగా వేలాడుతూ ఉంటే, అది పట్టగలిగినంతా పట్టింది, ఇక దాని వల్ల కాలేదు. అప్పుడు పెద్ద సైజో, రాత్రిపూటకని అమ్మే రకమో తెచ్చుకోవాలి.

పక్క మీద తడి ఎక్కడుందో కూడా చూడండి. బొడ్డు దగ్గర చొక్కా తడిస్తే ఒక కారణం, తొడ పక్క తడిస్తే ఒకటి, వీపు తడిస్తే ఇంకొకటి. బోర్లా పడుకునే మగపిల్లలకు ఎక్కువగా పొట్ట దగ్గర తడుస్తుంది. ఒత్తిగిలి పడుకునేవాళ్లకు కిందివైపు తొడ దగ్గర కారుతుంది. ఆడపిల్లలకు మధ్యలోనూ వెనకాలా తడి చేరుతుంది.

2. లోపల ఏముందో తెలిస్తే సగం అనుమానాలు పోతాయి.

ఒక కొత్త డైపర్‌ను కత్తెరతో కోసి చూడండి. దూదిలాంటి పీచు మధ్య ఉప్పురవ్వలాంటి పలుకులు రాలతాయి. సోడియం పాలీయాక్రిలేట్ అంటారు దాన్ని. గిన్నెలో వేసి నీళ్లు పోస్తే చూస్తుండగానే ఉబ్బి జావలా గడ్డకడుతుంది. 1980ల్లో ఈ పలుకులు డైపర్లలోకి వచ్చాకే అవి ఇంత పల్చబడ్డాయి. అంతకుముందు అమెరికాలో, జపానులో కూడా లావుపాటి పీచుదిండ్లే. మనకు మరీ దూరం సంగతేమీ కాదిది. నెల్లూరు నుంచి మద్రాసు పోయే దారిలో తడ పక్కనున్న శ్రీసిటీలోనే జపాను కంపెనీ యూనిచార్మ్ మామీపోకో డైపర్లు తయారుచేస్తోంది.

ఈ పలుకులు మంచినీళ్లను తమ బరువుకు వందల రెట్లు పీలుస్తాయి. ఉప్పు కలిసిన నీళ్లనైతే అందులో చిన్న వంతే. మూత్రంలో ఉప్పుంటుంది కదా. టీవీ ప్రకటనలో నీలిరంగు నీళ్లు పోసి చూపించినంత మన పిల్లాడి దగ్గర పట్టదు. పైగా పీల్చడానికి వాటికి కాస్త వ్యవధి కావాలి. పిల్లాడు ఒక్కసారిగా పోస్తే, పీల్చేలోపు కొంత పక్కకు పారుతుంది. ఆ పారేదాన్ని ఆపడానికే తొడల దగ్గర కుచ్చులు.

3. తొడగడంలోనే ఉంది కిటుకంతా.

పిల్లాడికి వేశాక రెండు తొడల చుట్టూ వేలు పోనిచ్చి, లోపలికి మడతపడిన కుచ్చుల్ని బయటికి లాగండి. నిమిషం పట్టదు. నేను చూసిన లీకుల్లో సగానికిపైగా ఈ ఒక్క పనితోనే ఆగాయి. మగపిల్లాడికైతే మూత్రం పోసే చోటు కిందివైపుకు ఉండేలా సర్దాలి, పైకి ఉంటే నడుము పట్టీ మీదుగా చొక్కాలోకి పోస్తాడు. బనీను అంచు డైపరు లోపల ఇరుక్కోకూడదు. ఆ గుడ్డ అంచు తడిని పీల్చుకుంటూ పైకి లాగి, పొట్టదాకా తడిపేస్తుంది, చూసేవాళ్లు డైపరు కారిందనుకుంటారు.

సైజు వయసును బట్టి కాదు, బరువును బట్టి. ప్యాకెట్టు మీద కిలోలు రాసి ఉంటాయి, రెండు సైజులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. కొన్ని కంపెనీల్లో ఎల్ సైజు 9 నుంచి 14 కిలోలకు, ఎక్స్‌ఎల్ 12 నుంచి 17 కిలోలకు. పిల్లాడు పన్నెండు పదమూడు కిలోలుంటే పగలు ఎల్, రాత్రి ఎక్స్‌ఎల్. అంతేగానీ వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందని పండగ చొక్కా కొన్నట్టు వదులుది తెస్తే తొడల దగ్గర సందులు పడి అసలుకే మోసం. నడుం దగ్గర రెండు వేళ్లు దూరాలి, పొద్దున చూస్తే తొడల మీద ఎర్రటి గాట్లు ఉండకూడదు.

ఒక డైపరు మీద ఇంకోటి వేసేవాళ్లున్నారు. లోపలిదాని అడుగున ప్లాస్టిక్ పొర ఉంటుంది, తడి పైదానిలోకి వెళ్లే దారే లేదు. డబ్బు దండగ, పిల్లాడికి ఉక్క. లోపల శానిటరీ ప్యాడు పెట్టేవాళ్లనూ చూశాను. దాని అడుగునా అదే పొర, పైగా కొన్నిటికి సెంటు వాసన. ఆ పని వద్దు.

4. నూనె, క్రీము, పౌడరు.

మన పెద్దవాళ్లకు పిల్లాడి పిరుదులకు కొబ్బరినూనె దట్టించనిదే తృప్తి ఉండదు. చర్మానికి పల్చటి పూత చాలు. ముద్దలుగా పూస్తే అది డైపరు పై పొరకు అంటుకుని తడిని లోపలికి దిగనివ్వదు. పౌడరు అసలే వద్దు, పిల్లలు ఊపిరితో పీలుస్తారు.

5. నీళ్లు ఆపకండి, వేళ మార్చండి.

లీకవుతోందని మధ్యాహ్నం నుంచే నీళ్లు ఇవ్వని తల్లి ఒకామె మా వీధిలోనే ఉంది. అది మహాపాపం, అందులోనూ మన ఎండల్లో. మేనెలలో వడగాలి కొట్టే రోజుల్లో పిల్లాడు అడిగినప్పుడల్లా తాగాల్సిందే. మార్చాల్సింది వేళ. పొద్దుటి నుంచి సాయంత్రం ఐదింటిలోపు నీళ్లూ మజ్జిగా బాగా పట్టించండి. పుచ్చకాయ, ముంజలు, కొబ్బరినీళ్లు ఏవైనా పగటిపూటే. చీకటి పడ్డాక దాహానికి సరిపడా గుక్కెడు నీళ్లు. రాత్రి అన్నంలోకి పల్చటి చారు పోసి జారుడుగా తినిపించే బదులు పప్పు కాస్త గట్టిగా కలపండి.

పాల సంగతి గట్టిగా చెప్పాలి. నోట్లో పాలసీసా పెట్టి నిద్రపుచ్చడం ఇక్కడ ఇంటింటా ఉంది. పళ్లు పుచ్చిపోతాయి, ఆ పాలన్నీ రెండు మూడు గంటల్లో పక్కలోకి వస్తాయి. పడుకోవడానికి గంట ముందు గ్లాసుతో కాసిని పాలు తాగించి, నోరు కడిగేయండి. ఏడాది దాటిన పిల్లలకు రోజంతటికీ అర లీటరు పాలు చాలు. అంతకుమించి తాగితే అన్నం తినరు, రక్తం తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. ఉన్నట్టుండి పిల్లాడు విపరీతంగా దాహమంటూ, మాటిమాటికీ బోలెడంత పోస్తూ, చిక్కిపోతుంటే డైపరు మార్చి చూద్దాం అనుకోవద్దు. పిల్లలకూ షుగరు వస్తుంది. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

6. ఉస్సు పోయించకుండా పడుకోబెట్టకండి.

రెండేళ్ల బిడ్డ మూత్రసంచి పట్టేది సుమారు 90 మిల్లీలీటర్లు, చిన్న టీగ్లాసుడు. పది గంటలు నిద్రపోయే పిల్లాడికి అది ఎన్నిసార్లు నిండుతుందో మీరే లెక్కేసుకోండి. ఖాళీ సంచితో పడుకుంటే ఒక గ్లాసు తగ్గినట్టే. మన అమ్మలు కాళ్ల మీద కూర్చోబెట్టుకుని "ఉస్స్... ఉస్స్" అనేవాళ్లు, పిల్లలు పోసేవాళ్లు. ఆ అలవాటు ఇప్పటికీ పనిచేస్తుంది. అన్నం తిన్నాక ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. రాదంటే పట్టుబట్టకండి, రెండు నిమిషాలు చూసి లేపేయండి. రాత్రి డైపరు ఆ రెండోసారి అయ్యాకే వెయ్యాలి. ఏడింటికి వేసి, తొమ్మిదింటిదాకా ఆడించి, దానితోనే పడుకోబెడితే అప్పటికే అది సగం నిండి ఉంటుంది.

7. తడిసిందని నిద్ర లేపకండి.

ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మనం ఇంత తంటాలు పడేది ఆ నిద్ర కోసం, దుప్పటి కోసం కాదు. ఉట్టి మూత్రమైతే, ఒరుపు లేకపోతే, డైపరు పట్టినంతవరకు పడుకోనివ్వండి. దొడ్డికి పోతే మాత్రం వెంటనే మార్చాలి. ఆ మార్చడానికి ప్యాంటు రకం కంటే పక్కన అతికించే రకం సులువు, పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే ఉంచి మార్చొచ్చు. పెద్దలైటు వెయ్యొద్దు, మాట్లాడొద్దు, ఫోను అసలు తియ్యొద్దు.

8. పక్కను రెండు వరసలుగా వెయ్యండి.

ఎంత చేసినా ఏదో ఒక రాత్రి కారుతుంది. పరుపు మీద రబ్బరుషీటు, దానిమీద నూలుదుప్పటి, దానిమీద మళ్లీ రబ్బరుషీటు, మళ్లీ నూలుదుప్పటి. కారితే పై వరస లాగేస్తే కింద పొడిపక్క సిద్ధం. ఏడాదిలోపు బిడ్డ పక్కలో మాత్రం వదులుగా ఉండే రబ్బరుషీట్లు, దిండ్లు, బొంతలు ఉంచకూడదు, మొహం మీద పడితే ఊపిరాడదు.

9. ఉచ్చగుడ్డల కాలం, తుపాను కాలం.

నేను డైపర్లకు పడనిదాన్ని కాదు, గుడ్డలకూ పడనిదాన్ని కాదు. పాత వెంకటగిరి నూలుచీర చింపి కట్టిన గుడ్డంత మెత్తనిది ఏ కంపెనీ చెయ్యలేదు. పాటూరు చీరలూ అంతే, ఉతికేకొద్దీ మెత్తబడతాయి. కాకపోతే నూలుగుడ్డ తడిని పట్టుకుంటుందిగానీ దాచుకోలేదు. రాత్రి ఒకసారి పోస్తే మార్చాల్సిందే. అందుకని మా ఇంట్లో పగలు గుడ్డ, రాత్రి డైపరు. గుడ్డల్ని సబ్బు పూర్తిగా పోయేలా జాడించాలి. మెత్తదనానికని, వాసనకని చివర్లో వేసే ద్రవాలు వాడితే గుడ్డ నీళ్లు పీల్చడం మానేస్తుంది.

మన దగ్గర అసలు కష్టం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఇసకపల్లి సముద్రతీరం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి దండెం మీది బట్ట మూడు రోజులైనా చెమ్మగానే ఉంటుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తుపాను తీరం దాటినప్పుడు మా ఇంట్లో చంటిబిడ్డ ఉన్నాడు. కరెంటు లేదు, పొడిగుడ్డ లేదు, గంప బోర్లించి కింద నిప్పులు పెట్టి గుడ్డలు ఆరబెట్టుకున్నాం. ఆ పొగ పిల్లల ఊపిరికి మంచిది కాదని తర్వాత అంగన్‌వాడీ శిక్షణలో చెప్పారు. ఇప్పుడైతే వానల నెల వచ్చేముందే ఒక ప్యాకెట్టు ఎక్కువ తెచ్చి పెట్టుకోవడమే నా సలహా. తుపాను హెచ్చరిక వచ్చాక కొట్లో ఉండవు.

10. ఒరిస్తే.

ఎర్రబడితే గోరువెచ్చటి నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, కాసేపు గాలికి వదిలేయండి. జింకు ఆక్సైడు క్రీము పల్చగా రాయండి. తొడల మడతల్లో బాగా ఎర్రబడి, చుట్టూ చిన్నచిన్న ఎర్రచుక్కలు లేస్తే అది బూజుజాతి ఇన్ఫెక్షను కావచ్చు, డాక్టరుకు చూపించి మందు రాయించుకోవాలి. మూత్రం పోసేటప్పుడు ఏడుస్తూ జ్వరం కూడా ఉంటే ఆగొద్దు.

11. వాడినదాన్ని కాలవలో పారేయకండి.

ఈ మాట రాయకుండా ఉండలేను. డైపరు లోపలి పలుకులూ ప్లాస్టికూ మట్టిలో కలిసేవి కావు. కాలవలో వేస్తే తూము దగ్గర అడ్డం పడతాయి, అవే నీళ్లు పొలానికీ రొయ్యలగుంటకీ పోతాయి. దొడ్డిని మరుగుదొడ్డిలో దులిపి, డైపర్‌ను గట్టిగా చుట్టి, కాగితంలో కట్టి, మిగతా చెత్తతో కలపకుండా వేరే బుట్టలో వెయ్యాలి. 2016 ఘనవ్యర్థాల నియమాల్లో పొడిచెత్త బుట్టలో వెయ్యమని ఉండేది. చుట్టకుండా పడేస్తే కుక్కలు వీధంతా ఈడుస్తాయి.

12. పక్కింటి పిల్లాడితో పోల్చకండి.

"మా పిల్లలు ఏడాదికే రాత్రి పోయడం మానేశారు" అని నా ఈడువాళ్లు గొప్పగా చెబుతుంటారు. మానలేదమ్మా, రాత్రి రెండుసార్లు తల్లి లేచి గుడ్డ మార్చేది, ఎవరూ చూసేవాళ్లు కాదు. ఇప్పుడు ఆ లేవడం తండ్రి కూడా పంచుకోవాలి, డైపరు అతికించడానికి మగ ఆడ తేడా లేదు. రాత్రిపూట మూత్రం తక్కువ ఊరేలా చూసే వాసోప్రెసిన్ అనే హార్మోను పిల్లల్లో నిదానంగా కుదురుతుంది. నిద్రలో సంచి నిండినట్టు మెలకువ రావడం కూడా అంతే. తిట్టినా, కొట్టినా, తాయెత్తు కట్టినా అవి ముందుకు జరగవు. పగలు చక్కగా చెప్పి పోసే పిల్లాడు రాత్రి పక్క తడపడం మామూలే. ఐదేళ్లు నిండేదాకా దాన్ని డాక్టర్లు జబ్బుగా లెక్కించరు. నిండాక కూడా తరచూ తడుస్తుంటేనో, ఆరు నెలలు పొడిగా ఉన్నవాడు మళ్లీ మొదలుపెడితేనో అప్పుడు పిల్లల డాక్టరుకు చూపించండి.