పాత సిగరెట్టు లైటరులో బ్యాటరీ లైటు

ఇంటర్మీడియట్ మొదలు బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరము వరకు మన విద్యార్థులు ఓమ్ నియమమును ఎన్నిసార్లో చదువుతారు. రికార్డు పుస్తకములో పట్టిక వేసి, గ్రాఫు గీసి, డిమాన్‌స్ట్రేటరు గారి చేత సంతకం పెట్టించుకుంటారు. కాని చేతికి ఒక ఎల్.ఇ.డి., రెండు బటన్ సెల్లులు, ఒక రేకు డబ్బా ఇచ్చి "దీన్ని వెలిగించు నాయనా" అంటే, ఏ తీగ ఎటు కలపాలో తోచక పక్కవాడి మొహం చూస్తారు. తప్పు వాళ్ళది కాదు. ప్రయోగశాలలో పరికరము ముందే అమర్చి ఉంటుంది. విద్యార్థికి మిగిలింది రీడింగు తీయడమే. అందుచేత ఈ సంచికకు సిద్ధాంత వ్యాసము బదులు ఒక చిన్న చేతిపని రాసి ఇస్తున్నాను. పాత జేబు లైటరు లోపలి మంట సరంజామా తీసివేసి, ఆ చోట బుల్లి బ్యాటరీ లైటు కూర్చుట. పని చిన్నదే గాని, దానిలో ఇమిడియున్న భౌతికశాస్త్రము చిన్నది కాదు.

మొదట ఏ లైటరు అన్నది తేల్చుకుందాము. మనకు కావలసింది పెట్రోలు లైటరు: పైన కీలు మూత, లోపల దూది, వత్తి, చెకుముకి రాయి, దానిని గీరే చక్రము ఉండే ఇత్తడి డబ్బా. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రము బ్రాడ్‌ఫర్డ్ ఊరిలో జార్జి బ్లెయిస్‌డెల్ 1932లో స్థాపించిన జిప్పో కంపెనీ లైటరు ఈ జాతికి పెద్దన్న వంటిది. అదే నమూనాలో తయారైనవి మన దేశములోనూ కావలసినన్ని తిరిగాయి. తాతగారి పెట్టెలో ఒకటి దొరకవచ్చు. లేకపోతే హైదరాబాదు జుమ్మేరాత్ బజారు వంటి పాత సామాన్ల సంతలో వెతకండి. వీటిలో ఒక సౌకర్యమున్నది. బయటి డబ్బా వేరు, లోపలి గూడు వేరు. మూత తెరచి పైకి లాగితే గూడు మొత్తము ఊడి వస్తుంది. మన పనంతా ఆ గూడులోనే కనుక, తాతగారి పేరు చెక్కిన బయటి డబ్బాకు గీత కూడా పడదు. రేపు ఎవరైనా మళ్ళీ లైటరుగా చేసుకోదలిస్తే కొత్త గూడు కొని దింపుకోవచ్చును.

పాన్ షాపులో అమ్మే ప్లాస్టిక్ గ్యాస్ లైటరు జోలికి మాత్రము పోవద్దు. దానిలో ఉన్నది బ్యూటేను. సాధారణ వాతావరణ పీడనము వద్ద అది సున్న డిగ్రీలకు కాస్త దిగువనే మరుగుతుంది. మన ఎండలకు అది ద్రవముగా నిలిచి ఉన్నదంటే, లోపల రెండు మూడు వాతావరణాల పీడనము ఉన్నదని అర్థము. రంపము పెట్టి కోస్తే ఏమవుతుందో ఊహించుకోండి. పైగా ఆ వాయువు గాలికంటె రెండింతలు బరువు. గదిలో తేలి పోక నేలబారుగా పరచుకుని నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది.

ఇక్కడ కొంచెం చరిత్ర. చేతిలో పట్టుకునే గొట్టపు టార్చికి అమెరికాలో డేవిడ్ మిసెల్ 1899లో పేటెంటు పొందెను. అప్పటి ఘటాలు నీరసమైనవి, ఎక్కువసేపు వెలిగించనివ్వవు. మీట నొక్కి, ఒక్క మెరుపు మెరిపించి, ఆర్పేయవలసిందే. మెరుపు దీపమనే అర్థము వచ్చే ఇంగ్లీషు పేరు అందుకే దానికి స్థిరపడింది. మన పల్లెలలో "బ్యాటరీ లైటు" అన్నారు, లోపల ఉన్నదేమిటో చెప్పే పేరు. ఇక లైటరులోని చెకుముకి రాయి అసలు రాయే కాదు. ఆస్ట్రియా రసాయన శాస్త్రజ్ఞుడు కార్ల్ ఆవర్ వాన్ వెల్స్‌బాక్ 1903లో కనిపెట్టిన ఇనుము, సీరియముల మిశ్రమలోహము. అంటే లైటరు, టార్చి ఇంచుమించు ఒకే ఈడువి. అయినా ఒకదాని పొట్టలో ఇంకొకటి దూరడానికి ఇంకొక తొంభై ఏళ్ళు పైగా పట్టింది. ఎందుకు?

డబ్బా చాలక కాదు. లెక్క చూడండి. రెండు సెల్లుల పాత టార్చిలో వాడే బల్బు 2.5 వోల్టులు, 0.3 ఆంపియరు. లైటరులో పట్టే నాణెము వంటి లిథియం సెల్లు, సి.ఆర్. 2032, 3 వోల్టులది. వోల్టులు సరిపోయాయి కదా, బల్బు తగిలిస్తే వెలగాలి కదా! వెలగదు. ఆ సెల్లుకు అంతర్నిరోధము కొత్తగా ఉన్నప్పుడే సుమారు 10 నుంచి 20 ఓములుంటుంది. 15 అనుకుందాము. ధన, రుణ ధ్రువాలను దగ్గరకు చేర్చి పూర్తిగా షార్టు చేసినా 3 బై 15, అంటే 0.2 ఆంపియరుకు మించి ఇవ్వజాలదు. బల్బు అడిగేది 0.3! పొటెన్షియోమీటరు తీగ మీద జాకీ జరుపుతూ లెక్లాంషీ ఘటపు అంతర్నిరోధము కనుక్కున్నాము చూడండి, పరీక్ష అయిపోగానే మరచిపోయే ఆ రాశి ఇక్కడ అడ్డుగోడలా నిలబడుతుంది.

ఆ గోడను దాటించినది ఎల్.ఇ.డి. దానికి పది మిల్లీఆంపియర్లు చాలు, ఆ బల్బు తాగేదానిలో ముప్ఫయ్యో వంతు. ఎర్ర ఎల్.ఇ.డి. 1962 నుంచి ఉన్నదే గాని, ఎర్ర చుక్కతో చీకటిలో ఏమి కనబడుతుంది? తెల్లని వెలుగు కావాలంటే ముందు నీలి వెలుగు కావాలి. జపాను దేశస్థులు అకసాకి, అమానో, నకమురాలు గాలియం నైట్రైడుతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టగా, 1990లలో ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి. బజారులోకి వచ్చింది. దాని మీద పసుపు పచ్చని ఫాస్ఫరు పూత పూస్తే, నీలము, పసుపు కలిసి కంటికి తెలుపుగా కనబడతాయి. ఆ ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

మరి తెల్ల ఎల్.ఇ.డి.కి 3 వోల్టుల పైచిలుకు ఎందుకు? ఎర్రదానికి రెండు చాలునే! నీలి కాంతి తరంగదైర్ఘ్యము సుమారు 450 నానోమీటర్లు. 1240ని 450తో భాగించండి. ఆ ఫోటాను శక్తి 2.76 ఎలక్ట్రాను వోల్టులని వస్తుంది. ఎలక్ట్రానుకు అంత శక్తినీ మనము సెల్లు నుంచే ఇవ్వాలి, దారిలో పోయేది అదనము. మూడు చిల్లర ఎందుకయిందో ప్లాంకు స్థిరాంకమే చెబుతున్నది. గడియారపు 1.5 వోల్టు సెల్లు ఒకటి తగిలించి "ఎల్.ఇ.డి. పాడైపోయింది సార్" అని తెచ్చేవారికి ఇదే జవాబు.

ఒక్క 2032 సెల్లుకు నేరుగా తగిలించినా తెల్ల ఎల్.ఇ.డి. వెలుగుతుంది, నిరోధకము పని అంతర్నిరోధమే చేసి పెడుతుంది. కాని సెల్లు కాస్త తగ్గగానే దీపము నీరసిస్తుంది. నా ఓటు రెండు సెల్లులకే. మొత్తము 6 వోల్టులు. ఎల్.ఇ.డి. వద్ద 3.2 పోగా మిగిలిన 2.8 వోల్టులను నిరోధకము భరించాలి. పది మిల్లీఆంపియర్లు కావాలంటే 2.8 బై 0.01, అంటే 280 ఓములు. బజారులో దొరికేది 270. రంగులు ఎరుపు, ఊదా, గోధుమ. పావు వాటుది చాలు, అక్కడ ఖర్చయ్యేది 28 మిల్లీవాట్లే కనుక. కోఠీ గుజరాతీ గల్లీలో గాని, మీ ఊరి రేడియో రిపేరు షాపులో గాని ఈ సామానంతా దొరుకుతుంది.

ఇక పనిలోకి దిగుదాము. గూడు బయటకు లాగి, అడుగు మరను విప్పి, స్ప్రింగు, చెకుముకి ముక్క తీసేయండి. పటకారుతో దూది, వత్తి పూర్తిగా లాగేయాలి. ఆ పైన గూడును ఆరుబయట నీడలో, పెట్రోలు వాసన బొత్తిగా పోయేదాకా, నాలుగైదు రోజులు వదిలేయండి. వాసన ఉన్నంతవరకు సోల్డరింగ్ ఐరన్ దాని దరిదాపులకు రాకూడదు. వత్తి వచ్చే రంధ్రాన్ని సన్నని గుండ్రటి ఆకురాయితో పెద్దది చేస్తే 5 మిల్లీమీటర్ల ఎల్.ఇ.డి. అందులో కూర్చుంటుంది. చుట్టూ ఉన్న చిల్లుల రేకు మునుపు మంటను గాలి నుంచి కాపాడేది, ఇప్పుడు ఎల్.ఇ.డి. తలను కాపాడుతుంది.

అసలు చిక్కు సెల్లుల దగ్గరే వస్తుంది. ఈ సెల్లుకు వెడల్పు ముఖము, చుట్టూ ఉన్న అంచు గోడ రెండూ ధనధ్రువమే. అవతలి చిన్న ముఖము ఒక్కటే రుణము. రెండింటిని ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు, అడుగు రుణాన్ని సున్న అనుకుంటే, మొదటిదాని గోడ 3 వోల్టుల వద్ద, రెండవదాని గోడ 6 వోల్టుల వద్ద ఉంటాయి. ఈ రెండు గోడలూ ఇత్తడి గూడుకు తగిలితే? మీరు ఒక్క తీగ కూడా కలపకుండానే పై సెల్లు షార్టు అయి, వేడెక్కి, కాసేపటిలో చచ్చిపోతుంది. స్కూటరుకు బాడీనే ఒక తీగగా వాడతారని విన్నవాళ్ళకు ఇక్కడా అలా చేయబుద్ధి పుడుతుంది. వద్దు. లైటరు బాడీకి కరెంటుతో సంబంధమే ఉండకూడదు. సెల్లుల అంచు చుట్టూ ప్లాస్టిక్ టేపు రెండు చుట్లు చుట్టి, రెండు ముఖాలకు సన్నని ఇత్తడి పట్టీలు ఆనించి, మొత్తాన్ని పాత ఎక్స్‌రే ఫిల్ముతో చేసిన సంచిలో దూర్చండి. పట్టీలు బిగువుగా ఒత్తుకోవడానికి సైకిలు ట్యూబు ముక్క అడ్డుపెట్టండి. తీగలను పట్టీలకే అతకాలి. సెల్లు మీద నేరుగా సోల్డరు పెడితే ఆ వేడికి లిథియం సెల్లు పగిలే ప్రమాదమున్నది. ధనపు పట్టీ నుంచి నిరోధకము, అక్కడి నుంచి ఎల్.ఇ.డి. పొడుగు కాలు, పొట్టి కాలు స్విచ్చి గుండా రుణపు పట్టీకి. అంతే సర్క్యూటు.

స్విచ్చిగా మూతనే వాడుకోవడములో ఉన్నది ఈ పని సొగసంతా. ఫ్రిజ్ తలుపు తీస్తే దీపము వెలుగుతుంది, మూస్తే ఆరిపోతుంది; ఇదీ అంతే. గీరుడు చక్రము తీసేసిన చోట చిన్న ప్లాస్టిక్ దిమ్మ అతికించి, దాని మీద ఒక ఇత్తడి కొక్కెము నిలపండి. కొక్కెము కింద నుంచి పైకి ఒత్తుతూ ఇంకొక స్ప్రింగు పట్టీ ఉండాలి. పాత టార్చి స్విచ్చి లోపలి పట్టీ బ్రహ్మాండంగా పనికివస్తుంది. పట్టీ కొసకు పెన్ను రీఫిల్ ముక్క నిలువుగా అతికించండి. మూత మూసినప్పుడు దాని కప్పు రీఫిల్‌ను కిందికి నొక్కుతుంది, పట్టీ కొక్కెము నుంచి విడిపోతుంది. తెరిస్తే మళ్ళీ తగులుతుంది. పట్టీ మరీ గట్టిదయితే మూతను సగము లేపేస్తుంది, జేబులో దీపము వెలుగుతూనే ఉంటుంది. మూతను పట్టి ఉంచే స్ప్రింగు కన్నా ఇది మెత్తగా ఉండాలి. రెండు మూడుసార్లు వంచి, తీసి, మళ్ళీ వంచి చూసుకోక తప్పదు. అంత ఓపిక లేనివారు అడుగున చిన్న జరుపుడు స్విచ్చి బిగించుకోవచ్చు గాని, అందులో మజా లేదు.

ఈ దీపముతో తాళము కన్నము వెతకవచ్చు, కరెంటు పోయినప్పుడు మెట్లు దిగవచ్చు, పుస్తకము దగ్గరగా పెట్టుకుని చదవవచ్చు. పొలము గట్టు మీద పామును చూడటానికి మాత్రము పనికిరాదు. దానికి పెద్ద టార్చి ఉండవలసిందే.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటె ముఖ్యము. ఈ సెల్లు వెడల్పు 20 మిల్లీమీటర్లు. చిన్నపిల్లలు మింగితే సరిగ్గా అన్నవాహికలో ఇరుక్కునే సైజు. అక్కడి తడిలో కరెంటు పారి, రుణధ్రువము వద్ద ఘాటైన క్షారము పుట్టి, రెండు గంటలలోనే కండరమును కాల్చేస్తుంది. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. దీపము వెలిగించలేని "చచ్చిన" సెల్లులో కూడా ఆ పనికి చాలినంత వోల్టేజి మిగిలి ఉంటుంది. మన లైటరు గూడు చేత్తో లాగితే ఊడి వచ్చేదే. అందుకని అడుగు మరను మళ్ళీ బిగించి, సెల్లుల సంచి దానంతట అది జారిరాకుండా రేకు పట్టీతో మూయండి. చిన్నపిల్లలున్న ఇంట్లో దీన్ని వారికి అందనివ్వకండి. మింగినట్టు అనుమానము వచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నాలు చేయక, నేరుగా ఆస్పత్రికి తీసుకుపోయి ఎక్స్‌రే తీయించాలి. వాడేసిన సెల్లులకు టేపు చుట్టి, చెత్తబుట్టలో కాక ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.

చివరగా ఒక పరీక్ష మిగిలింది. సెల్లు సామర్థ్యము సుమారు 220 మిల్లీఆంపియరు గంటలని చెబుతారు. పదితో భాగిస్తే 22 గంటలు వెలగాలి. కాని ఆ 220 అన్నది మిల్లీఆంపియరులో అయిదో వంతు వంటి సన్నని ధార తీసినప్పటి లెక్క. మనము దానికి యాభై రెట్లు లాగుతున్నాము. అందులో సగము కాలము వచ్చినా సంతోషించాలి. నిరోధకము రెండు కొనల మధ్య వోల్టేజిని గంటకొకసారి మల్టీమీటరుతో చూసి, 270తో భాగిస్తే ప్రవాహము తెలుస్తుంది. దానిని కాలముతో గ్రాఫు గీయండి. ఆ గీత తిన్నగా ఉండదు. ఎక్కడ వంగిందో, ఎందుకు వంగిందో మీ లెక్చరరు గారిని అడగండి; ఆయన రెండవ గ్రాఫు అడిగితే, ఈసారి 560 ఓములు పెట్టి గీసి తీసుకువెళ్ళండి.