మన పేట వ్యాసాన్ని బాగుచేయడం ఎలా?

తెలుగు వికీపీడియాలో పేటల మీద, కాలనీల మీద ఉన్న వ్యాసాలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. ఫలానా నగరంలో అదొక ప్రాంతమని మొదటి వాక్యం, అక్కడ అన్ని రకాల వస్తువులు దొరుకుతాయని రెండోది. ఆ తర్వాత బస్సు నంబర్లు, బ్యాంకుల పేర్లు, రెండు బడులు, ఒక గుడి. ఆ పేటలో పుట్టి పెరిగినవాళ్లు చదివితే మనసు చివుక్కుమంటుంది. ఆ కోపంతోనే చాలామంది మొదటిసారి 'సవరించు' నొక్కి, తమకు తెలిసిందంతా ఒక్క రాత్రిలో రాసేస్తారు. వారం తిరక్కుండా ఎవరో వచ్చి అందులో సగం తీసేస్తారు. ఉత్సాహం అక్కడితో చల్లారిపోతుంది.

అలా కాకుండా ఉండాలంటే ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. మన జ్ఞాపకం ఎంత నిజమైనా వికీపీడియాలో ఆధారంగా నిలవదు. మనం రాసిన మాటను ఎక్కడో కూర్చున్న మరో మనిషి, మనల్ని అడగకుండా సరిచూసుకోగలగాలి. మరి స్థానికుడిగా ఉండి లాభమేమిటి? ఏ మాటకు ఆధారం ఎక్కడ దొరుకుతుందో, ఏ వాక్యం అనుమానంగా ఉందో బయటివాళ్లకంటే మనకు త్వరగా తెలుస్తుంది. ఆ తెలివిని వెతకడంలో పెట్టాలి. బడిలో సోషల్ చెప్పే టీచరుకీ, గ్రంథాలయ ఉద్యోగికీ, విలేకరికీ, టూరిస్టు గైడుకీ ఇది వృత్తిలోనూ అక్కరకొచ్చే పని. ఉద్యోగం చేసుకుంటూ రోజుకో అరగంట, ఆదివారం ఒక పూట ఇవ్వగలిగితే నెల రెండు నెలల్లో ఒక మంచి వ్యాసం నిలబడుతుంది.

గాలిలో చెప్పడం ఎందుకు, హైదరాబాదులోని సుల్తాన్ బజార్‌ను తీసుకుందాం. తెలుగువాళ్లకు ఆ చోటుతో ప్రత్యేకమైన బంధం ఉంది. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబరు 1న పుట్టింది అక్కడే. దాన్ని స్థాపించినవారిలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు, ఆ తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం సంపుటాలు తెచ్చినవారు. అలాంటి పేట గురించి ఇవాళ్టి విజ్ఞాన సర్వస్వంలో నాలుగు పొడి వాక్యాలు ఉంటే సరిపోదని నా నమ్మకం.

మొదటి అరగంట ఏమీ రాయకండి. ఉన్న వ్యాసాన్ని కాగితం మీదకు అచ్చు తీసుకుని, ప్రతి వాక్యం పక్కన 'ఎవరు చెప్పారు?' అని ప్రశ్న వేసుకోండి. మూలం ఉందా? ఉంటే ఆ లింకు తెరుచుకుంటోందా? తెరుచుకున్నా, అందులో నిజంగా ఆ మాట ఉందా? ఈ మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువ వాక్యాలు పడిపోతాయి. ఆధారం లేదు కదా అని వెంటనే చెరిపేయకండి. ముందు వెతకండి, దొరక్కపోతే చర్చా పేజీలో రాసి కొన్నాళ్లు ఆగండి. ఆ వాక్యం రాసిన మనిషి దగ్గర పుస్తకం ఉండొచ్చు.

తర్వాత సరిహద్దు తేల్చుకోవాలి. పేటల వ్యాసాల్లో సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది. కోఠి ఎక్కడ ముగుస్తుంది, సుల్తాన్ బజార్ ఎక్కడ మొదలవుతుంది, బడీ చౌడీ దేనిలో భాగం? అక్కడ పాతికేళ్లుగా వ్యాపారం చేస్తున్నవాళ్లు ఇద్దరుంటే రెండు జవాబులు వస్తాయి. పోస్టాఫీసు లెక్క ఒకటి, పోలీసు స్టేషను పరిధి ఇంకొకటి, కార్పొరేషను వార్డు మరొకటి. వీటిలో ఏది పట్టుకుని రాస్తున్నారో వ్యాసంలోనే చెప్పేయండి. జనాభా లెక్క విషయంలో ఇది మరీ ముఖ్యం. 2011 జనగణన నగరాల లెక్కలను వార్డులవారీగా ఇచ్చింది, పేటలవారీగా ఇవ్వలేదు. పేట పేరే వార్డుకు ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. వార్డు జనాభాను పేట జనాభాగా రాస్తే అది తప్పుడు సమాచారం. అదే అంకె పది వెబ్‌సైట్లకు పాకి, చివరికి ఎవరో దాన్నే మూలంగా చూపిస్తారు. పేటకు విడిగా లెక్క లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయడమే నిజాయితీ.

ఇక ఆధారాల వేట. ఇక్కడ ఎంత సమయం పెడితే వ్యాసం అంత బాగుంటుంది. గూగుల్‌లో పేట పేరు కొడితే ముందు వచ్చేవి ఇళ్ల అమ్మకాల సైట్లు. వాటిలోని 'చరిత్ర' చాలాసార్లు వికీపీడియా నుంచి ఎత్తినదే. దాన్ని తెచ్చి మళ్లీ వికీపీడియాకు మూలంగా పెడితే మన నీడనే మనం సాక్షికి పిలిచినట్టు అవుతుంది. కాబట్టి లోతుకు వెళ్లండి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పాత తెలుగు పత్రికలు ఉన్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలాది పాత తెలుగు పుస్తకాల స్కాన్లు ఉన్నాయి. హైదరాబాదులో ఉన్నవారికి అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం అందుబాటులో ఉన్నాయి. హైదరాబాదు పాత పేటల మీద రాసేవారు లియొనార్డ్ మన్ పర్యవేక్షణలో 1912–15 మధ్య తయారైన మున్సిపల్ సర్వే పటాలను తప్పకుండా చూడాలి. ఆనాటి వీధులు, కట్టడాలు వాటిలో కనిపిస్తాయి. సుల్తాన్ బజార్ గ్రంథాలయం గురించి, ఆనాటి తెలుగు ఉద్యమం గురించి మాడపాటి హనుమంతరావు రాసిన 'తెలంగాణా ఆంధ్రోద్యమము' చదవకుండా కలం పట్టకూడదు.

వెతికేటప్పుడు పాత పేర్లతో వెతకండి. సుల్తాన్ బజార్ అన్నది తర్వాతి పేరు. అంతకుముందు అది రెసిడెన్సీ బజారు. బ్రిటిష్ రెసిడెంటు పరిధిలో ఉన్న ఆ బజార్లను 1933లో నిజాం ప్రభుత్వానికి తిరిగి అప్పగించారు. కనుక 1920ల నాటి పత్రికల్లో 'సుల్తాన్ బజార్' అని వెతికితే చేతికి పెద్దగా ఏమీ చిక్కదు. మీ ఊళ్లోనూ ఇలాంటి పాత పేరు ఏదో ఉండే ఉంటుంది, పెద్దవాళ్లను అడగండి. వాళ్లు చెప్పేది మూలం కాకపోయినా వేటకు దారి చూపిస్తుంది. వాళ్ల జ్ఞాపకాలే విలువైనవనిపిస్తే వాటిని ఒక పత్రిక ఆదివారం సంచికకు వ్యాసంగా రాసి పంపండి. సంపాదకుల చేతుల మీదుగా అచ్చయితే, రేపు మరొకరు దాన్ని వికీలో ఉదహరించవచ్చు.

దొరికిన వాటితో చరిత్ర విభాగం రాసేటప్పుడు రెండు చోట్ల కాలు జారుతుంది. మొదటిది, రెండు నిజాలను కలిపి మూడోది మనమే చెప్పేయడం. సుల్తాన్ బజార్ అప్పట్లో రెసిడెంటు పరిధిలో ఉంది, నిజమే. తెలుగు గ్రంథాలయం అక్కడ పుట్టింది, అదీ నిజమే. 'రెసిడెంటు పరిధి కాబట్టే గ్రంథాలయం అక్కడ పెట్టారు' అని రాయాలని చేయి దురద పెడుతుంది. అది సబబైన ఊహే కావచ్చు. కానీ ఒక చరిత్రకారుడు ఆ మాట అన్నట్టు చూపించగలిగితేనే రాయాలి, లేదంటే రెండు వాక్యాలను పక్కపక్కనే పెట్టి ఊరుకోవాలి. పరిశోధన మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఇది కష్టమైన క్రమశిక్షణ, నాకు తెలుసు. కానీ విజ్ఞాన సర్వస్వం మీద పాఠకుడికి ఉన్న నమ్మకం ఈ క్రమశిక్షణ మీదే నిలబడి ఉంది.

రెండోది కథలు. బ్రిటిష్ రెసిడెంటు నివాసమైన రెసిడెన్సీ భవనం కట్టించిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, పరదాలో ఉండే తన భార్య ఖైరున్నిసా చూడటానికి వీలుగా ఆ భవనానికి ఒక చిన్న నమూనా కట్టించాడని చెబుతారు. అందమైన కథ, తీసేయనక్కర్లేదు. ఎవరు చెబుతున్నారో వాక్యంలోనే పెట్టి రాయండి. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీ మీద జరిగిన దాడి అలాంటిది కాదు. అది గట్టి ఆధారాలున్న ఘటన, దాన్ని నేరుగా చెప్పవచ్చు. ఈ రెండింటికీ ఒకే స్వరం వాడితే పాఠకుడికి తేడా తెలియకుండా పోతుంది.

వర్తమానం రాయడానికి చరిత్రంత ఓపిక అక్కర్లేదు గాని, తేదీ మాత్రం తప్పనిసరి. 'ప్రస్తుతం', 'ఇటీవల', 'త్వరలో' అన్న మాటలు వ్యాసంలో కనిపిస్తే వెంటనే సంవత్సరంతో మార్చండి. రెసిడెన్సీ భవనమే చూడండి. కోఠి మహిళా కళాశాలగా ఊరందరికీ తెలిసిన ఆ ప్రాంగణం 2022లో తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయం అయింది, 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. 'ప్రస్తుతం ఇక్కడ మహిళా కళాశాల ఉంది' అని ఎవరో ఎప్పుడో రాసిన వాక్యం ఇప్పుడు పాఠకుణ్ని తప్పుదారి పట్టిస్తుంది. సంవత్సరం వేసి ఉంటే అది ఎప్పటికీ నిజంగానే ఉండేది. బస్సు నంబర్ల జాబితాలు, దుకాణాల జాబితాలు తగ్గించండి. అవి మారిపోతాయి, వాటిని ఎవరూ సరిదిద్దరు.

మెట్రో సంగతి రాయకపోతే సుల్తాన్ బజార్ వ్యాసం పూర్తి కాదు. బజారు మీదుగా లైను వేయడాన్ని అక్కడి వ్యాపారులు చాలాకాలం వ్యతిరేకించారు. చివరికి జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గం 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైంది, అందులో సుల్తాన్ బజార్ స్టేషను ఉంది. ఇలాంటి వివాదంలో మన దుకాణం పోయిందన్న బాధ ఉన్నా, ప్రయాణం సులువైందన్న సంతోషం ఉన్నా, రెండు పక్షాల మాటా పత్రికా వార్తల ఆధారంగా రాయాలి. కోఠిలో 2007 ఆగస్టు 25న జరిగిన బాంబు పేలుడు వంటి విషాదాలకూ చోటివ్వాలి గాని, వ్యాసమంతా వాటితోనే నిండకూడదు. రెండు శతాబ్దాల చరిత్ర ఉన్న చోటును ఒక సాయంత్రానికి కుదించడం అక్కడ బతికేవారికి అన్యాయం.

ఫోటోలు మీరే తీయండి. వాట్సాప్‌లో వచ్చినవి, ఫేస్‌బుక్ గుంపుల్లోని పాతకాలపు చిత్రాలు ఎక్కించకండి. మన దేశంలో ఫోటో మీద కాపీహక్కు దాన్ని తీసినవారి జీవితకాలమంతా, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. బహిరంగంగా కనిపించే భవనాలను, విగ్రహాలను ఫోటో తీసి పెట్టడానికి చట్టం ఒప్పుకుంటుంది. గోడల మీది చిత్రాలకు, సినిమా పోస్టర్లకు ఆ వెసులుబాటు లేదు. ఉదయం దుకాణాలు తెరవకముందు ఒకటి, సాయంత్రం రద్దీలో ఒకటి తీస్తే బజారు రూపం తెలుస్తుంది. మనుషుల ముఖాలు దగ్గరగా పడకుండా చూసుకోండి. ఎక్కించే ముందు ఫోనులో లొకేషన్ సంగతి గుర్తుంచుకోండి. వీధిలో తీసిన ఫోటోకు అది ఉపయోగం, మీ ఇంటి బాల్కనీ నుంచి తీసినదానికి అయితే మీ చిరునామా లోకానికి చెప్పినట్టే.

ఉద్యోగం ఉన్నవాళ్లు మరికొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. ఖాతాకు మీ సంస్థ పేరు పెట్టకండి. మీరు చేసే ప్రతి మార్పూ ఆ పేరుతో ఎప్పటికీ అందరికీ కనిపిస్తుంది. మీరు పనిచేసే బడి, ఆసుపత్రి, దుకాణం ఆ పేటలోనే ఉంటే దాని గురించి మీరే రాయకండి. చర్చా పేజీలో మీ సంబంధం చెప్పి, మూలం ఇచ్చి, చేర్చమని అడగండి. డబ్బు తీసుకుని రాస్తే ఎవరు ఇస్తున్నారో బయటపెట్టాలని వికీమీడియా వాడుక నియమాలే చెబుతున్నాయి. ఇళ్ల వ్యాపారంలో ఉన్నవాళ్లు ఈ నియమాన్ని మరింత గట్టిగా పాటించాలి. మున్సిపల్ ఆఫీసులోనో రెవెన్యూలోనో పనిచేసేవారి చేతిలో గొప్ప సమాచారం ఉంటుంది. ప్రచురించని ఫైలు మాత్రం మూలం కాదు, దాన్ని బయటపెట్టడం సర్వీసు నిబంధనలకూ విరుద్ధం కావచ్చు. అదే సమాచారం ప్రచురిత నివేదికలో ఉందేమో చూడండి. చాట్‌బాట్ రాసిచ్చిన పేరాలను తెచ్చి అతికించకండి. లేని పుస్తకాన్ని, పేజీ నంబరుతో సహా, ఉన్నట్టు చూపించడం వాటికి మామూలే.

ఈ పనిని ఉద్యోగ దరఖాస్తులో చెప్పుకోవచ్చా? నిస్సంకోచంగా చెప్పుకోవచ్చు. 'వ్యాస రచయిత' అని వేసుకోకండి, ఎందుకంటే వికీ వ్యాసం ఏ ఒక్కరిదీ కాదు. 'చరిత్ర విభాగం రాశాను, మూలాలు చేర్చాను, ఫోటోలు ఇచ్చాను' అని రాసి మార్పుల చరిత్ర లింకు ఇవ్వండి. విలేకరి, గ్రంథాలయం, అనువాదం, పాఠ్యరచన వంటి కొలువులకు ఇంటర్వ్యూ చేసేవారు ఆ లింకు తెరిస్తే మీ పనితీరు కళ్లముందే ఉంటుంది.

రాసింది ఒకేసారి ఎక్కించకండి. ముందు మీ ప్రయోగశాల పేజీలో రాసుకుని, విభాగం తర్వాత విభాగంగా వ్యాసంలోకి తెచ్చి, ప్రతిసారీ ఏం మార్చారో, ఎందుకో సారాంశంలో ఒక ముక్క రాయండి. ఎవరైనా మీ మార్పును వెనక్కి తిప్పితే వెంటనే మళ్లీ పెట్టకండి. చర్చా పేజీలో 'నా మూలం ఇది, పేజీ ఇది, మీ అభ్యంతరం ఏమిటి?' అని మర్యాదగా అడగండి. జవాబు రాకపోతే వికీపీడియా ఉమ్మడి చర్చావేదిక అయిన రచ్చబండలో అడగండి. అక్కడ ఏళ్ల తరబడి రాస్తున్నవాళ్లు ఉంటారు, కొత్తవాళ్లకు సాయం చేస్తారు. పేజీని వీక్షణ జాబితాలో పెట్టుకుంటే తర్వాత ఎవరు ఏం మార్చినా మీకు తెలుస్తుంది. ఆధారం చిక్కని సంగతులను చర్చా పేజీలో ప్రశ్నలుగా వదలండి: ఫలానా వీధికి ఆ పేరు ఎప్పటి నుంచి ఉంది, ఫలానా కట్టడం ఎవరు కట్టించారు. అదే పుస్తకం ముందు కూర్చున్న మరొకరు ఆ ప్రశ్న చూసి పేజీ నంబరుతో జవాబు రాయవచ్చు.