మందుకు చావని క్రిములు

ఈసారి గోడపత్రికకు నన్ను సైన్సు పాఠం రాయమన్నారు. మా మామ కోసం నేను తెలుసుకున్న సంగతే రాస్తున్నాను.

మా మామకు పోయినేడు టీబీ వచ్చింది. టీబీ అంటే క్షయ. అది ఒక బ్యాక్టీరియా వల్ల వస్తుంది. డాక్టరు గారు ఆరు నెలలు బిళ్లలు మింగమన్నారు. రెండు నెలలకే దగ్గు తగ్గింది. మామ కొండెక్కి పోడు పని కూడా చేశాడు. మా ఇంట్లో చదువు వచ్చింది నా ఒక్కదానికే. అందుకని బిళ్లల అట్ట నా చేతికిచ్చి "ఇంకా మింగాలా పిల్లా?" అని అడిగాడు. అట్ట మీద పేరు చదివాను గానీ నాకేం తెలుసు? "తగ్గిపోయింది కదా మామా" అనేశాను. మామ మానేశాడు. నేను దసరా సెలవులకు పోయేసరికి మళ్లీ మంచాన పడి ఉన్నాడు. కఫం పరీక్ష చేసి, ముందు వాడిన మందుల్లో కొన్ని ఇప్పుడు పనిచేయవని చెప్పారు.

మనిషి అదే, మందు అదే. మరి ఎందుకు పనిచేయదు? మా సైన్సు టీచరు గారిని అడిగితే ఎస్తేర్ లెడర్‌బర్గ్ గారి గురించి చెప్పారు.

ఆవిడ 1922లో అమెరికాలోని న్యూయార్క్‌లో పేద ఇంట్లో పుట్టారు. చిన్నప్పుడు మధ్యాహ్నం తిండి చాలాసార్లు ఒక రొట్టె ముక్క, దాని మీద పిండిన టమాటా రసం, అంతే. ఆడపిల్లకు సైన్సు కష్టమని టీచర్లు చెప్పినా వినకుండా చదివి, సూక్ష్మజీవుల శాస్త్రవేత్త అయ్యారు.

అప్పట్లో శాస్త్రవేత్తల మధ్య ఒక వాదం ఉండేది. మందు తగిలాక క్రిములు దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటాయా? లేక తట్టుకునేవి ముందు నుంచే కొన్ని ఉంటాయా? 1952లో ఎస్తేర్ గారు, ఆవిడ భర్త జాషువా గారు దీనికి జవాబు చూపించారు.

వాళ్లు చేసిన ప్రయోగం:

1. గాజు పళ్లెంలో జెల్లీ లాంటి మేత పోసి, దాని మీద బ్యాక్టీరియాను పెంచారు. ఇందులో మందు లేదు.
2. గుండ్రటి దిమ్మెకు శుభ్రం చేసిన మఖ్మల్ గుడ్డ కట్టి, దాని మీద అద్దారు. గుడ్డ నూగుకు క్రిములు అంటుకున్నాయి.
3. ఆ గుడ్డను స్ట్రెప్టోమైసిన్ మందు కలిపిన వేరే పళ్లేల మీద అద్దారు. మన ఆఫీసులో రబ్బరు స్టాంపు వేసినట్టే. ఎక్కడి క్రిమి అక్కడే పడుతుంది.

మందు పళ్లేలలో దాదాపు అన్నీ చచ్చిపోయాయి. కొన్ని మాత్రం బతికాయి. అవి అన్ని పళ్లేలలోనూ ఒకే చోట ఉన్నాయి! మొదటి పళ్లెంలో సరిగ్గా ఆ చోటి నుంచి క్రిములు తీసి పెంచితే, వాటిలో మందుకు చావనివి దొరికాయి. వాటికి మందు వాసనే తగలలేదు. అంటే మందును తట్టుకునేవి ముందే ఉన్నాయి. మందు వాటిని పుట్టించలేదు, మిగతా వాటిని చంపి వాటికి చోటిచ్చింది. పొలంలో మెత్తటి కలుపు పోయి తుంగ మిగిలితే, తుంగే పొలమంతా అల్లుకోదా? అలాగన్నమాట.

ఈ స్ట్రెప్టోమైసిన్ 1943లో కనుక్కున్నది. క్షయకు పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ అదే. మొదట్లో అదొక్కటే ఇస్తే కొన్ని నెలలకే క్రిములు లొంగకుండా పోయేవి. అందుకే ఇప్పుడు టీబీకి ఒకేసారి నాలుగు మందులు మొదలుపెడతారు. ఒక మందుకు చావనిది ఇంకో మందుకు చస్తుంది. రెండు నెలలకు దగ్గు తగ్గినా, లోపల మొండివి ఇంకా ఉంటాయి. మధ్యలో మానేస్తే అవే పెరుగుతాయి. మా మామకు జరిగింది ఇదే.

1958లో జాషువా గారికి మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఎస్తేర్ గారికి రాలేదు. ఆవిడ 2006లో చనిపోయారు.

గుర్తు పెట్టుకోవలసినవి:

• డాక్టరు చెప్పినన్ని రోజులు బిళ్లలు మింగాలి. మన అంతట మనం మానకూడదు.
• ట్రంకు పెట్టెలో దాచిన బిళ్లలు స్నేహితురాలికి ఇవ్వకూడదు.
• జలుబు వైరస్ వల్ల వస్తుంది. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. మందులు వాడే పిల్లల పేర్లు రాసి, రోజూ హాజరు పిలిచినట్టు పిలిచి మింగించండి.

మామ ఇప్పుడు వేరే మందులు మింగుతున్నాడు. గోడకు క్యాలెండరు కట్టి, మింగిన రోజుకు బొగ్గుతో గీత పెట్టమని మా అత్తకు నేర్పించాను. ఈసారి సెలవులకు పోగానే ముందు ఆ గీతలు లెక్కపెడతాను.

— 9వ తరగతి విద్యార్థిని