టెస్టర్ వెలిగితే చాలదు

కర్నూలు

అల్లుడూ,

నిన్న ఫోన్లో హడావుడిగా చెప్పి పెట్టేస్తివి: "మామా, కంప్యూటర్ ఆన్ కావడంలేదు, మదర్‌బోర్డు పోయిందంట." ఎవరు చెప్పినార్రా? మూత విప్పి చూసినారా? బటన్ నొక్కితే ఫ్యాన్ కదిలిందా, లేక మొద్దులా ఉండిపోయిందా? ఫ్యాన్ తిరుగుతూ తెర మీద ఏమీ రాకపోవడం ఒక జబ్బు, అసలు చలనమే లేకపోవడం ఇంకో జబ్బు. నీది రెండోదనుకొని రాస్తున్నా.

గోడ దగ్గర మొదలుపెట్టు. టెస్టర్ వెలిగింది, ఫోను ఛార్జ్ అవుతోంది, కరెంటు బాగానే ఉందంటివి. మోసపోయింది అక్కడే. టెస్టర్ వెలగడానికి రవ్వంత కరెంటు చాలు. ఫోన్ ఛార్జరు 100 వోల్టులకు కూడా పనిచేస్తుంది. 230కి చేసిన పాత ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌ లోపల కరెంటిచ్చే డబ్బా) మాత్రం వోల్టేజి బాగా పడిపోతే మొండికేస్తుంది. మన పక్క న్యూట్రల్ పోతే, లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక ఎర్త్ గుంతకు తీగ కలిపి నడిపించేవాళ్లు ఉన్నారు. అది ప్రాణాల మీదికి తెచ్చే పని. పైగా ఎండాకాలం మీ ఎర్రగుంట్ల నేల రాయిలా బిగుసుకుపోయినప్పుడు, ఉప్పూ బొగ్గూ ఎంత వేసినా ఆ గుంతలో తడి ఎక్కడిది? చిన్న బల్బు వెలుగుతుంది, బరువు పడగానే వోల్టేజి కూలబడుతుంది. అదే స్విచ్‌బోర్డులో ఇస్త్రీపెట్టె పెట్టించి, అది వేడెక్కుతుండగా ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టి కొలిపించు. 230కి దగ్గరగా నిలబడాలి. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా, అది కూడా అతనికి చెప్పు. ఎర్త్ సరిగా లేదనడానికి అదే గుర్తు.

అది బాగుంటే యూపీఎస్‌ను పక్కనబెట్టి నేరుగా గోడకు పెట్టు. బ్యాటరీ చచ్చిన యూపీఎస్ కొన్నిసార్లు తానే లేవదు, నింద మాత్రం కంప్యూటర్ మోస్తుంది. కంప్యూటర్ వెనక ఎర్ర స్విచ్ ఉంటే 230 మీదే ఉండాలి. పిల్లోళ్లు దాన్ని 115కి జరిపితే ఆన్ చేసిన క్షణమే టపీమంటుంది.

మీ పక్కనే నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ కదా, ఆ తెల్లదుమ్ము ముందు బటన్‌లోనే చేరుంటుంది. తీగ పీకి మూత విప్పు. మదర్‌బోర్డు మీదున్న పవర్ బటన్ తీగ తీసి, ఆ పిన్నులకు రీసెట్ బటన్ తీగ తగిలించు. మళ్లీ కరెంటిచ్చి రీసెట్ నొక్కు. లేచిందా, నీ మదర్‌బోర్డు నిక్షేపంగా ఉన్నట్టే, చెడింది బటన్ ఒక్కటే.

లేవకపోతే ఎస్ఎంపీఎస్ వంతు. ప్లగ్గు తీసి, 24 పిన్నుల కనెక్టరును బోర్డు నుంచి ఊడబీకి, అందులో ఆకుపచ్చ తీగనూ ఏదైనా నల్ల తీగనూ పేపర్ క్లిప్పుతో కలిపి, అప్పుడు కరెంటివ్వు. ఫ్యాన్ తిరిగితే ప్రాణం ఉంది. బలముందని మాత్రం కాదు, బోర్డు బరువు మోయలేని ఎస్ఎంపీఎస్‌లు చాలా చూసినా. దాని డబ్బా మాత్రం విప్పొద్దు. లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలవుంటుంది, తీగ పీకినాక కూడా.

తొందర గురించి నా పాపం ఒకటి చెప్తా. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కర్నూలులోకి దూరినప్పుడు బురద తాగిన సీపీయూలు (క్యాబినెట్‌నే మనం సీపీయూ అంటాం, పోనీలే) నా అంగడికి వరసగా వచ్చినాయి. కడిగి ఎండబెడితిని. వారం ఆగిన వాటిలో కొన్ని బతికినాయి. ఒకదాన్ని మాత్రం, వాళ్లు ఆత్రపడినారని, రెండోరోజే ప్లగ్గులో పెడితిని. ఆ బోర్డును వరద వదిలిపెట్టింది, నేను చంపితిని.

కాబట్టి మదర్‌బోర్డుకు ఇంకా ఎవరికీ డబ్బులు కట్టొద్దు. ఆదివారం కడపలో పని ఉంది, మంచి ఎస్ఎంపీఎస్ ఒకటి సంచీలో వేసుకొని మీ ఇంటికి వస్తా. ఆ లోపల ఇస్త్రీపెట్టె పెట్టినప్పుడు మీటరు ఎంత చూపించిందో ఫోన్ చేసి చెప్పు.

మీ మామ