నడుమునొప్పికి బెల్టు: గుణదోషములు



ధాన్యపు బస్తా ఎత్తబోవువాడు కండువాను నడుమునకు బిగించుకొనుట మన పెద్దల నాటి అలవాటు. ఇప్పుడు కండువాకు మారుగా మందుల అంగళ్లలో అమ్ము బెల్టు వచ్చినది. "అయ్యా, ఇది కట్టిన నొప్పి పోవునా?" అని నాట్ల కాలమున అనేకులు నన్ను అడుగుచుందురు.

నేనును ఒకప్పుడు విత్తనపు మూట నెత్తి, నడుము పట్టివేయగా, నెల దినములు బెల్టు ధరించితిని. నొప్పి తగ్గినది. అది బెల్టు మహిమ యని తలచి, ఆ ధైర్యముతో పెద్ద బస్తా నెత్తితిని. నొప్పి మరల వచ్చినది. క్రొత్తగా వచ్చిన నడుమునొప్పి పెక్కుమందికి కొలది వారములలో దానంతట అదే తగ్గునని తరువాత తెలిసికొంటిని.

గుణములు: బెల్టు నడుమునకు కొంత ఆసరాయు, వెచ్చదనమును ఇచ్చును. అదాటున వంగకుండ జాగ్రత్తను జ్ఞాపకము చేయును. వెన్నెముక విరిగినవారును, శస్త్రచికిత్స పొందినవారును వైద్యుడు కట్టుమన్నచో, చెప్పినన్ని దినములు తప్పక కట్టవలెను.

దోషములు: బెల్టు బరువును తగ్గింపదు. 75 కిలోల బస్తా బెల్టు కట్టినను 75 కిలోలే. ఎండలో చెమటపట్టి చర్మము ఒరియును. వంగి నాటునపుడు కడుపును నొక్కును. అమెరికాలో సరకులెత్తు అంగడి పనివారిని తొమ్మిదివేలమందికి పైగా పరిశీలించి 2000 సంవత్సరమున ప్రకటించిన పరిశోధనలో, బెల్టు ధరించినవారికిని ధరింపనివారికిని నడుమునొప్పి విషయమున భేదము కానరాలేదు. వేరు వ్యాధి కారణముగా గాక, మూడు నెలలకు మించి యుండు నడుమునొప్పికి బెల్టు వాడవలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో సూచించినది.

అట్లయిన చేయవలసినదేమి?

1. మంచము పట్టక, ఓర్చుకొనగలిగినంతవరకు నడచుచు, తేలికపనులు చేసికొనుచుండవలెను.
2. బరువెత్తునపుడు మోకాళ్లు వంచి, బరువును రొమ్మునకు దగ్గరగా పట్టి లేవవలెను. ప్రక్కకు తిరుగవలసినచో పాదములతో తిరుగవలెను గాని నడుమును మెలిత్రిప్పరాదు.
3. బస్తాను సగమే నింపవలెను. లేదా ఇద్దరు కలిసి పట్టవలెను.
4. నాట్లు వేయువారు మునుము ముగిసినపుడెల్ల నిటారుగా నిలిచి, నడుమును మెల్లగా వెనుకకు వంచి, కొంతసేపు నడువవలెను.

నొప్పితోపాటు కాలు బలహీనమగుట, తొడల నడుమ తిమ్మిరి, మలమూత్రములపై అదుపు తప్పుట యున్నచో ఆలస్యము చేయక ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. జ్వరముండుట, శరీరము చిక్కిపోవుట, చెట్టు మీదినుండి పడిన పిమ్మట నొప్పి కలుగుట, ఇవియు వైద్యునికి చూపదగినవే. అట్టివానిని బెల్టుతో కప్పిపెట్టరాదు.

మన సంఘ సభ్యులకు ఒక మనవి. ఒక్కొక్కరు ఒక్కొక్క బెల్టు కొనుటకంటె, పదిమంది ఆ పైకమును చేర్చి గిడ్డంగికి ఒక తోపుడు బండి కొన్నచో మేలు. బెల్టు కట్టినను బరువు నడుము మీదనే యుండును. బండి యున్నచో అది చక్రముల మీదికి పోవును.