నెట్లీ సైనిక ఆసుపత్రి: హంగు ముందువైపు, రోగి పెరటివైపు

విక్టోరియా కాలపు ఆసుపత్రి అనగానే చాలామంది ఎర్ర ఇటుకలు, గోపురం గుర్తుపెట్టుకుని ఊరుకుంటారు. అసలు పట్టుకోవలసింది గదుల అమరిక. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ దగ్గరి నెట్లీ రాయల్ విక్టోరియా ఆసుపత్రే ఇందుకు గట్టి సాక్ష్యం. క్రిమియా యుద్ధపు చేదు అనుభవంతో సైనికుల కోసం తలపెట్టిన ఈ భవనానికి 1856లో విక్టోరియా రాణి శంకుస్థాపన చేశారు, 1863లో అది తెరుచుకుంది. పొడవు సుమారు పావు మైలు, పడకలు దాదాపు 1,000. ఎండా, నీటిమీది గాలీ తగిలే నైరుతి ముఖమంతా పొడవాటి నడవాకే పోయింది. చిన్న చిన్న వార్డులు వెనక ఈశాన్యపు పెరటివైపు పడ్డాయి. నర్సింగ్ సంస్కర్త ఫ్లోరెన్స్ నైటింగేల్ గట్టిగా అభ్యంతరం చెప్పారు, ప్రధాని పామర్‌స్టన్ ఆమెనే సమర్థించారు. అయినా పని చాలా దూరం వచ్చేసిందంటూ అదే ప్లానుతో కట్టేశారు. రోగి కోసం కట్టే ఇంట్లో ఇది క్షమించరాని తప్పు.

చెడు గాలి వల్లే రోగాలు వస్తాయంటూ నైటింగేల్ నమ్మిన దుర్వాయు సిద్ధాంతం తర్వాత వీగిపోయింది కదా, ఇక ఆమె విమర్శకు విలువేమిటని అడగవచ్చు. కారణం తప్పినా మందు సరైనదే: ఎదురెదురు కిటికీల గాలి క్షయ వంటి రోగాల వ్యాప్తిని నిజంగానే తగ్గిస్తుంది. ఆ సూత్రంతోనే, వార్డులను విడివిడి భవనాలుగా కట్టే పెవిలియన్ పద్ధతిలో, 1865లో ఉలిచ్‌లో హెర్బర్ట్ ఆసుపత్రి, 1871లో లండన్‌లో సెయింట్ థామస్ కొత్త భవనం వచ్చాయి. అలాగని నెట్లీని వ్యర్థమనడం అన్యాయం. అక్కడి సైనిక వైద్య పాఠశాలలో 1881లో చదివిన రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించారు. ఖాళీగా పడి ఉన్న ప్రధాన భవనం 1963లో అగ్నిప్రమాదానికి గురైంది, 1966లో కూల్చేశారు. గోపురమున్న ప్రార్థనా మందిరాన్ని మాత్రం ఉంచారు.